రక్తపు సంచికి తెలియని గడువు

మా ఆఫీసులో అక్క అంటే ఒక్కతే. టైపిస్టుగా చేరి, పక్కవాళ్ల కోడ్ చదువుకుంటూ జావా పట్టేసింది. బ్లడ్ బ్యాంకులు వాడే మా ప్రోగ్రాం బరువంతా ఆమె నెత్తినే ఉండేది.

ఆమె పోరు ఒకటే. గడువు దాటిన రక్తం ఇవ్వకూడదన్న నియమం రక్తపు సంచి క్లాసులోనే, అంటే కోడ్‌లో సంచి సంగతులన్నీ ఉండే ముక్కలోనే ఉండాలి. స్క్రీన్ పని అడగడం, చూపించడం. అంతే. మా దగ్గర ఆ నియమం ‘ఇవ్వు’ అనే బటన్ వెనక ఉండేది. సంచి క్లాసు ఉత్త డబ్బా. నంబరు, గ్రూపు, తేదీ దాచుకునేది, నోరు విప్పేది కాదు.

"సంచికి కూడా చదువు చెప్పిస్తావా తల్లీ? నడిచే బండిని కదపకు," అని మేనేజర్ నవ్వేవాడు.

స్క్రీన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ మారింది. పాత స్క్రీన్లు తీసి పారేసి కొత్తవి రాసి బ్లడ్ బ్యాంకులకు ఇచ్చాం. వాటితో పాటు బటన్ల వెనకున్నదంతా పోయింది. మర్నాడు పొద్దున్నే ఒక బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ ఫోన్ చేశాడు.

"అక్కా, మీ స్క్రీన్ ఇవ్వొచ్చని పచ్చగా చూపించింది. సంచి మీద చీటీ చూస్తే గడువెప్పుడో అయిపోయింది."

ఆ ఒక్క నియమాన్ని ఆమె వెంటనే సంచి క్లాసులో పెట్టేసింది. మరి మిగతావి? పాత కోడ్ తిరగేస్తే గ్రూపు సరిచూసే నియమం మూడు స్క్రీన్లలో మూడు రకాలుగా ఉంది. ఏది సరైనదో చెప్పే దిక్కు లేదు.

"ప్రోగ్రాం ఆపేయండి సార్," అంది మేనేజర్‌తో.

"ఆపితే మనల్నే ఆపేస్తారమ్మా. సాయంత్రం దాకా చూద్దాం."

"సాయంత్రం దాకా ఎవరి ఒంట్లోకి ఏం పోతుందో."

అక్క ఒక్కో బ్లడ్ బ్యాంకుకీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది.

"స్క్రీన్‌ని నమ్మకు తమ్ముడూ. ప్రతి సంచీ కళ్లతో చూసి ఇవ్వు."

"మరి మీ ప్రోగ్రాం దేనికక్కా?"

"ఇవాళ్టికి దేనికీ కాదు నాన్నా."

తర్వాతి చోట ఫోనెత్తిన నర్సు, పొద్దున ఆపరేషన్ గదికి రెండు సంచులు పంపామంది. అక్క నంబర్లు అడిగి కంప్యూటర్లో తేదీలు చూసింది. రెండింటికీ గడువు దాటింది.

"పరిగెత్తు చెల్లీ, ఆ సంచులు ఆపించు," అంది.

నర్సు రొప్పుతూ ఫోన్ దగ్గరికి తిరిగొచ్చింది. "ఒకటి ఆపారు. ఇంకోటి సగం ఎక్కించేశారు. డాక్టరుగారు పక్కనే ఉన్నారు. మనిషికి చలి పుడుతోందట."

అక్క ఏడవలేదు. మేనేజర్ లేచి వెళ్లి ప్రోగ్రాం నడిపే సర్వర్ ఆపేశాడు. ఆమె అప్పటికే ఇంకో నంబరు నొక్కుతోంది.