తుపాకీ పెట్టెలో ఆవకాయ

మేం చదువులకని కెనడాలోని సార్నియాలో దిగిన రోజుల్లో ఆ ఊళ్ళో బస్సులకంటే తెలుగు కుర్రాళ్ళే ఎక్కువ. కాలేజీలో ఏ మూల నిలబడ్డా "అన్నా, మీది వరంగలా, విజయవాడా?" అన్న పలకరింపే. మాకు చదువు సగం, కాఫీ షాపులో కప్పులు కడగడం సగం, కారున్నవాళ్ళను మంచి చేసుకోవడం సగం (లెక్క కుదరదని నాకూ తెలుసు, ఆ రోజులే అలా ఉండేవి). ఆ మూడో సగంలో నేను అదృష్టవంతుణ్ణి. నేను అద్దెకుండే బేస్‌మెంటుకు సరిగ్గా పైన కారున్న అంకుల్ ఉండేవారు. ఆంటీని కూరగాయలకు తీసుకెళ్ళే డ్యూటీ నాది, అందుకు బదులుగా కాలేజీకి కారు నాది. అద్దె ఇచ్చేవాణ్ణన్న మాటేగానీ, ఆ ఇంట్లో నేను సగం అద్దెకున్నవాణ్ణి, సగం మేనల్లుణ్ణి.

అంకుల్ ఊరి చివర కెమికల్ ప్లాంటులో ఇంజనీరు. మహా మెతక మనిషి. ఇంట్లో సాలీడు కనబడితే గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క తోసి, పెరట్లో పొద దగ్గర వదిలి, "జాగ్రత్త నాన్నా" అని మరీ వచ్చేవారు. చేపల పులుసు లొట్టలేసుకుంటూ తింటారు గానీ షాపులో తలకాయున్న చేప కనిపిస్తే మొహం తిప్పేసుకుంటారు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి తుపాకీ పిచ్చి పట్టింది. దానికి కారణం వాళ్ళ మేనేజరు. ఆంటీ ఆయనకు 'దొర' అని పేరు పెట్టారు. ఈ దొర ఏటా చలి ముదరకముందే ప్లాంటులో తనకు కావలసినవాళ్ళను వెంటేసుకుని జింకల వేటకు వెళ్ళేవాడు. నాలుగు గంటల విమాన ప్రయాణం దూరంలో, ఎడ్మంటన్ దగ్గర ఆయన బావమరిదికి పొలం ఉంది. తిరిగొచ్చాక ప్లాంటులో భోజనాల బల్ల దగ్గర ఏడాది పొడుగునా ఆ కబుర్లే. ఆ బల్ల చివర మా అంకుల్ ఏళ్ళ తరబడి పులిహోర తింటూ, ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా అందరితో పాటు నవ్వుతూ కూర్చున్నారు. ఆ ఏడు దొర ఆయన భుజం తట్టి "నువ్వూ రావోయ్" అన్నాడట.

"ఇన్నాళ్ళకి నన్నూ వాళ్ళలో ఒకడిగా చూశార్రా అబ్బాయ్" అని అంకుల్ నాతో రెండుసార్లు చెప్పారు. నాకూ కడుపు నిండినట్టయింది.

ఇక చూడండి హడావిడి. క్లాసులకు వెళ్ళారు, పరీక్ష రాశారు, లైసెన్సు తెచ్చారు, తుపాకీ కొన్నారు. దాని మీద బిగించే స్కోపు, అదే, దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే దుర్బీను, దాన్ని మెత్తటి గుడ్డతో పసిపిల్లాడి మూతి తుడిచినట్టు తుడిచేవారు (ఆంటీ దాన్ని 'గొట్టం' అనేవారు). ప్రాక్టీసు మైదానంలో అట్ట మీద గీసిన గుండ్రాలను ఆయన పేల్చే తీరు చూస్తే ఎవరైనా శభాష్ అనాల్సిందే. ఒకరోజు మాత్రం ఆ గుండ్రాల బదులు జింక బొమ్మ పెట్టారట. ఆ రోజు తలనొప్పి అని ఒక్క గుండూ పేల్చకుండా ఇంటికొచ్చేశారు. ఆ తర్వాత నుంచి అన్నం కెలికేవారే తప్ప తినేవారు కాదు. "ఏమండీ, ఒంట్లో బాలేదా?" అని ఆంటీ అడిగితే "జెట్ లాగ్" అన్నారు, ఇంకా విమానమే ఎక్కకుండా! నేను పడీ పడీ నవ్వాను. ఆంటీ నవ్వలేదు.

ప్రయాణం దగ్గరపడేకొద్దీ అంకుల్ విమానం రూల్సు వ్రతకథలా చదివి వినిపించేవారు. తుపాకీలో గుండు ఉండకూడదు, ట్రిగ్గరుకు తాళం, గట్టి పెట్టె, ఆ పెట్టెకు మళ్ళీ తాళం, తూటాలు కంపెనీ డబ్బాలోనే ఉంచి సూట్‌కేసులో. కౌంటరు దగ్గర వాళ్ళు అడగకముందే మనం చెప్పాలి. ఆ చెప్పే ముక్కను అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేస్తుంటే ఆంటీ వంటింట్లోంచి, "అంత గట్టిగా అనకండి, అక్కడే పట్టుకుపోతారు!" అని కేకేశారు. ఆ వెంటనే అసలు సంగతికొచ్చారు.

"ఒకరింటికి చేతులూపుకుంటూ వెళ్తారా? ఆ బావమరిది గారికి ఓ సీసా ఆవకాయ పట్టుకెళ్ళండి."

"నేను వెళ్ళేది వేటకే, పెళ్ళికి కాదు. పచ్చడి సీసా పెట్టావంటే ఊరుకోను!"

పచ్చడి లేకుండా ప్రయాణమా? మన ఇళ్ళల్లో అది జరిగే పనేనా? బయల్దేరే రోజు పొద్దున్న అంకుల్ స్నానానికి వెళ్ళగానే ఆంటీ దేవుడి గూట్లోంచి తాళంచెవి తీసి, "ఇటు రారా, ఇది పట్టు" అని నా చేతికి సీసా ఇచ్చారు. పెట్టె తెరిస్తే లోపలంతా మెత్తటి నల్ల ఫోము. తుపాకీ ఆకారానికి ఓ గుంట, విప్పి పెట్టిన స్కోపుకు పక్కనే ఇంకో గుంట.

"చూశావా, సీసా పగిలే ప్రశ్నే లేదు. దీనికింత పరుపు, మన పచ్చడికి లేకపోతే ఎలా?" అంటూ ఆంటీ నా చేతిలో సీసా తీసుకుని, "వెళ్ళి కారు వేడి చెయ్యి" అన్నారు. వెళ్ళాను. ఆ తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు.

టొరంటో ఎయిర్‌పోర్టులో దొర, ఆయన బృందం మాకోసం ఎదురు చూస్తున్నారు. అందరివీ అచ్చంగా అలాంటి పెట్టెలే. అంకుల్ ఛాతీ విరుచుకుని కౌంటరు దగ్గరకు నడిచి, ప్రాక్టీసు చేసిన ముక్క ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. కౌంటరమ్మాయి లైసెన్సు చూసి, ఖాళీ తుపాకీయో కాదో చూపించమంది. అంకుల్ పెట్టె తెరిచారు. తుపాకీ దాని చోట అది పడుకునే ఉంది. పక్కన స్కోపు ఉండాల్సిన గుంటలో, ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, నూనె తేలుతూ, ఎర్రగా ఆవకాయ సీసా!

"ఇదేమిటి సార్?" అంది ఆ అమ్మాయి.

అంకుల్ వెనకనుంచి నేను "మ్యాంగో" అన్నాను. ఆవిడ నన్నూ, సీసానూ మార్చి మార్చి చూసి సూపర్‌వైజరును పిలిచింది. ఆయనొచ్చి మూత కొంచెం తిప్పి వాసన చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది మండుతుందా?"

"తినేవాళ్ళను బట్టి" అన్నారు అంకుల్. పాపం, భయంలో నిజం చెప్పేశారు.

దొర పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. చివరికి సీసాను ఇంకో రెండు కవర్లలో చుట్టి, తూటాలున్న సూట్‌కేసులోకి మార్పించారు. అప్పుడు చూశాడు దొర, ఖాళీ గుంటను. "నీ స్కోపేదీ?" అన్నాడు. ఇన్నాళ్ళ ఆశ, చివరికి పచ్చడి సీసా పాలైందా! "అంకుల్, నేను ఇంటికెళ్ళి తెచ్చేస్తా" అన్నాను, మూడు గంటల దూరంలోని సార్నియా ఏదో పక్క వీధిలో ఉన్నట్టు.

అంకుల్ ఆ గుంటలో చెయ్యి పెట్టి తడిమారు. ఆంటీ మీద మండిపడతారనుకున్నాను. ఆయన గుండె నిండా గాలి పీల్చుకుని, మెల్లగా వదిలి, "ఇంట్లో ఉండిపోయినట్టుంది" అన్నారు.

"స్కోపు లేకుండా అంత దూరం నువ్వేం కొడతావు? సరే, బైనాక్యులర్స్ నీకిస్తాను, జింకలెక్కడున్నాయో నువ్వు చూసి చెప్పు" అంటూ దొర ఆయన మెడ చుట్టూ చెయ్యేసి తీసుకుపోయాడు. వెళ్తూ వెళ్తూ అంకుల్ ఏదో అంటే అందరూ ఘొల్లుమన్నారు. ఈసారి ఆయనే చెప్పారు, వాళ్ళు నవ్వారు.

ఇల్లు చేరగానే వంటింట్లోకి పరిగెత్తాను. "ఆంటీ, కొంప మునిగింది! గొట్టం ఇంట్లోనే ఉండిపోయింది!"

ఆంటీ చిక్కుళ్ళు ఒలుస్తూ తల కూడా ఎత్తలేదు. "ఉండిపోలేదురా, ఉంచేశాను. బియ్యం డబ్బాలో ఉంది."

నేను వెళ్ళి డబ్బా మూత తీసి చూశాను.

"సాలీడును చంపలేని మనిషి జింకను చంపుతారట్రా? అలాగని దొరకు రానని చెప్పలేరు. అన్నం మానేసి తిరుగుతుంటే చూస్తూ ఊరుకోనా? నువ్వు మాత్రం ఆయన దగ్గర ఈ మాట ఎత్తకు" అని చిక్కుళ్ళ గిన్నె నా ముందుకు తోశారు.

అంకుల్ తిరిగొచ్చారు, ఆకలి కూడా వెంటబెట్టుకుని. ఆ ఏడాది ఆ బృందానికి ఒక్క జింకా దొరకలేదట. "అవి ఎడమవైపు పోతే నేను కుడివైపు చూపించానురా" అని నా చెవిలో ఊది, దొంగనవ్వు నవ్వారు. దొర ఆయన్ను మరుసటేడూ పిలిచాడు. ఎందుకో మరి, మరుసటేడూ స్కోపు ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు నేను టొరంటో పక్కనే వాన్ అనే ఊళ్ళో ఉంటున్నాను. నాకూ ఓ ఆఫీసు, ఓ భోజనాల బల్ల, ఆ బల్ల చివర నా కుర్చీ. కిందటి చలికాలం మా ఆఫీసువాళ్ళు గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టడానికి రమ్మంటే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. గాలానికి బతికున్న పురుగును గుచ్చాలని తెలిసిన దగ్గర్నుంచి అన్నం సయించలేదు. మా ఆవిడ ఏమీ అడగలేదు. తీరా అక్కడికెళ్ళి మంచు మీద కూర్చుని పెట్టె తెరిస్తే, గాలాలు ఉండాల్సిన అరలో జంతికలు! "అయ్యో, ఇంట్లో ఉండిపోయినట్టున్నాయి" అని అందరికీ వినబడేలా బాధపడి, జంతికలు పంచాను. ఆ ముక్క అచ్చం అంకుల్ గొంతుతోనే వచ్చింది. అంకుల్ కథ మా ఆవిడకు నేనెప్పుడూ చెప్పలేదు మరి.