రోస్విత బకెట్

మా ఊళ్ళో పిల్లలు దెయ్యానికి భయపడేవారు కాదు గానీ, రోస్విత నోవాక్ బకెట్‌కి భయపడేవారు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ప్రతి ఆదివారం సాయంత్రం గ్రంథాలయం మేడమీద గదిలో బల్లపై పాత పేపరు పరిచి కూర్చునేది. అడవి నుంచి పుట్టగొడుగులు ఏరుకొచ్చినవాళ్ళు బుట్టలతో వరసలో నిలబడాలి. ఆమె ఒక్కోదాన్ని తిరగేసి చూసి, మంచిదైతే బుట్టలో వేసేది, కాకపోతే బకెట్లో. అనుమానం ఉన్నా బకెట్టే. పొద్దుటినుంచీ కొండలెక్కి ఏరుకొచ్చినవాళ్ళు మొహం మాడ్చుకునేవారు. ఇరవయ్యారేళ్ళు అలా కూర్చుంది. ఆమె చూసిన బుట్టలోవి తిని మంచం పట్టినవాడు ఒక్కడు లేడు.

ఆ కళ్ళు ఊరికే రాలేదు. నేత మిల్లులో మేమిద్దరం పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. రంగు తేడా పట్టడం ఆమె పని. నాకు రెండు తానులూ ఒకేలా కనిపిస్తుంటే, “ఏమే గెర్లిండె, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?” అనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు.

అలాంటిది, ఒక ఏడు మే నెలలో తన తోటలోకి మూడు గోధుమగడ్డి మోపులు తెప్పించింది. మా తోటలు పక్కపక్కనే, మధ్యన నడుమెత్తు కంచె. పదిరోజులు పూటపూటా గడ్డిని తడిపింది. దుకాణంలో కొన్న పుట్టగొడుగు విత్తనాన్ని అక్రోటు కాయంత ముక్కలుగా విరిచి గడ్డిలోకి దూర్చి, తడి గోనెసంచులు కప్పింది. తోటల సంఘం అధ్యక్షుడు కంచె దగ్గర ఆగి, “ఆవుని కొంటున్నారా నోవాక్ గారూ?” అన్నాడు. “మీరు పడుకుంటారేమోనని వేశాను,” అంది.

“అడవంతా నీదైతే ఈ గడ్డిపరుపు ఎందుకే?” అని అడిగాను.

“ఇక్కడ నాటిందే వస్తుంది. చూసుకోనక్కర్లేదు. కళ్ళకి సెలవు.”

అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆగస్టులో పిడికిలంత ఎర్రగోధుమ తలలు గడ్డిని పైకి తోసుకుంటూ వచ్చాయి. రోస్విత నన్ను పిలిచింది. ఒకదాన్ని తిరగేసి, “దీని అడుగు ఊదాగా ఉందా, గెర్లీ?” అంది. నాటిన రకానికి అదే గుర్తట. ఉందన్నాను. ఇంకొకటి, మరొకటి. ప్రతిదానికీ నన్నే అడుగుతోంది. నన్ను పరీక్ష చేస్తోందనుకుని నవ్వాను. ఈలోగా మూలనున్న మూడింటిని అడక్కుండానే కోసి బుట్టలో వేసుకుంది. వాటి అడుగు పాత మేకులా తుప్పురంగు.

“ఇవేమిటే? ఊదా కాదు కదా!”

వాటిని ఎండలోకి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. నాటనివి కూడా వచ్చాయన్నమాట, విషపువే కావచ్చు. ఆమెకి ఆ తేడా కనిపించలేదు. కళ్ళకి పొర కమ్ముతోందట, ఏడాది నుంచి ఊదా అంతా మట్టిరంగే. ఎవరికీ చెప్పలేదు.

“మరి ఆదివారం?” అన్నాను. ఎల్లుండే ఆదివారం.

“వెళ్తాను. వెళ్ళకపోతే ఆ కుర్చీ ఏమవుతుంది? నేనేమవుతాను?”

నాకు ఒళ్ళు మండింది. “ఎవరింట్లోనో పిల్ల చచ్చిపోతే ఏమవుతావో అది చూసుకో,” అన్నాను. అనకూడని మాట. బుట్ట పుచ్చుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. రెండు రోజులు కంచె దగ్గరికి రాలేదు.

ఆదివారం నేను గ్రంథాలయానికి వెళ్ళాను. ఆమె కూర్చుంటే అందరిముందూ చెప్పేద్దామనే వెళ్ళాను, నిజం దాచడమెందుకు. బల్ల దగ్గర కొర్నేలియా ఒక్కతే ఉంది. స్కూలు టీచరు, రోస్విత దగ్గర అయిదేళ్ళుగా నేర్చుకుంటోంది. పెద్ద కుర్చీ ఖాళీ.

రోస్విత వరస చివర నిలబడి ఉంది. టోపీ పెట్టుకుని, చేతిలో బుట్టతో.

ముందున్నాయన పక్కకి జరిగాడు. “మీరు నిలబడడమేమిటి నోవాక్ గారూ, వెళ్ళండి.”

“బుట్ట తెచ్చినవాళ్ళు వరసలో ఉండాలి,” అంది. ముప్పావుగంట నిలబడింది.

ఆమె వంతు రాగానే కొర్నేలియా గభాలున లేచింది.

“కూర్చోమ్మా. నాకు కనిపించడం లేదు. నువ్వు చూడు.”

గదిలో అందరూ విన్నారు. కొర్నేలియా కూర్చుంది. ఒక్కోటి తిరగేస్తోంది. తుప్పురంగుది తీసి ఆమె మొహంలోకి చూసింది.

“నా మొహంలో ఏముంది? అడుగు చూడు.”

ఆ మూడూ బకెట్లోకి వెళ్ళాయి. ఆఖరున ఒకటి మిగిలింది. ముదిరింది, ఎండకి వెలిసిపోయింది. కొర్నేలియా దాన్ని వెలుతురుకి పెట్టింది, మళ్ళీ పెట్టింది, వాసన చూసింది. గురువు పెంచిన పుట్టగొడుగు. గురువు ఎదురుగా ఉంది.

“నాకు తెలియడం లేదండీ,” అని బకెట్లో పడేసింది.

రోస్విత బుట్ట తీసుకుంది. మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుంది. ఆ రెండు రోజుల కోపం గురించి నేనేదో అనబోతే వినిపించుకోలేదు.

“ఆ చివరిది మంచిదేనే, గెర్లీ. ముక్కు ఇంకా పనిచేస్తోంది. నేను పెంచిందే, తెలియదా?”

“మరి చెప్పలేకపోయావా?”

“చెప్తే బకెట్లోంచి తీసి నా బుట్టలో వేసేది,” అంది. “నేను ఎదురుగా ఉన్నా పడేసింది చూశావా? ఇక ఆ కుర్చీకి నేనక్కర్లేదు.”

అంటూనే ఏడ్చింది. బుట్టలో మిగిలినవి ఆ రాత్రి మా ఇంట్లో ఉల్లిపాయలతో వెన్నలో వేయించాను. పళ్ళెం ముందు పెడితే, వాటిని చూడనైనా చూడకుండా తినేసింది.