చింతపండు కొట్లో పరలోకం

రాయగడ నుంచి జయపురం వెళ్ళదలచినవారికి పొద్దుటి రైలు మంచిది. జనరల్ టికెట్టు చాలు. నేను వెళ్ళింది సూర్యనారాయణ కోసం. అతను జయపురంలో చింతపండు టోకు వ్యాపారి, నేను రాయగడలో కుట్టుమిషన్లు బాగుచేస్తాను. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బెంచీ. అతనిది గుడి, నాది చర్చి. ముందురోజు ఫోన్ చేసి, "ఎల్లుండి విశాపట్నంలో గుండె ఆపరేషనటరా. ఓపాలి రా" అన్నాడు.

దారిలో సొరంగాలు చాలా ఉన్నాయి. ఒకటి ఎంత పొడుగంటే, దూరేటప్పుడు నల్లగా ఉన్న నా జుట్టు బయటపడేసరికి నెరిసింది. ఈ మాటే పైకి అంటే, ఎదుటి సీటులో అల్లం బస్తా మీద కాళ్ళు పెట్టుకున్న ఆవిడ, "ఎక్కినప్పుడే నెరిసుంది బావూ, నాను సూసేను" అంది. సాక్షులుంటే ప్రయాణం కష్టం.

పదిన్నరకి కొరాపుట్‌లో టీ తాగాను. చలికి ఆవిరి గడ్డకట్టి కప్పు మీద నిలబడిపోయింది. విరిచి పక్కన పెట్టి తాగాను.

మధ్యాహ్నానికి జయపురం. స్టేషన్ బయట ఆటోలు దొరుకుతాయి. సూర్యనారాయణ కొట్లోనే కూర్చుని ఉన్నాడు. ఆవిరి సంగతి చెప్పాను.

"తరుగు తీస్తే, టీ తాగేవు" అన్నాడు. చింతపండు బస్తాలో తడికీ పిక్కకీ బరువు తగ్గించి లెక్కకట్టినట్టే, అతను నా మాటలకీ తరుగు తీస్తాడు.

కొట్టు వెనకే ఇల్లు. వాళ్ళావిడ పప్పు, వంకాయకూర కొట్లోకే తెచ్చి వడ్డించింది. "ఆయన నిన్నట్నించీ తినడం నేదన్నయ్యా, మీరైనా సెప్పండి" అంది. అతను అన్నం కలిపి వదిలేశాడు.

"ఒరే సుందర్రావ్, మీ సర్చీలో పరలోకం అంటారు గదా. నిజంగా ఉన్నాదేటి?"

ఏటా క్రిస్మస్‌కి అతనికి కేకు ఇచ్చాను తప్ప ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు అతనే అడిగాడు. రేపు అతని గుండె కోస్తారు. నా సొంత సరుకు ఒక్క పిక్క కలిపినా, తరుగులో పరలోకం మొత్తం పోతుంది.

"ఉంది. యేసుప్రభువు చనిపోయి లేచాడు. తనను నమ్మినవాళ్ళకి చోటు సిద్ధం చేస్తానన్నాడు. అక్కడ ఏడుపుండదు, చావుండదు. నువ్వూ రావాలని నా ఆశ."

"ఎలాగుంటాది?"

"చూడలేదురా."

"ఏటీ! పెద్దపులితో పేకాడేనన్నోడివి, అదొక్కటీ సూడనేదా?"

"లేదు."

వాళ్ళావిడ చారు గిన్నె తెచ్చి పెట్టింది. అతను నా మొహం చాలాసేపు చూశాడు, కొత్త సరుకు చూసినట్టు.

"ఇందులో తీయడానికేటీ నేదు" అన్నాడు చివరికి. "ఆయనకి నా సంగతి సెప్పు. ఇక్కడే సెప్పు, నాను ఇంటాను."

ఎంగిలి చేత్తోనే ప్రార్థన చేశాను. ప్రభువా, సూర్యనారాయణ భయపడుతున్నాడు, నేనూ భయపడుతున్నాను, వీణ్ణి విడిచిపెట్టకు అన్నాను. ఇంకేమీ తోచలేదు. కళ్ళు తెరిచేసరికి అతను ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాడు. వాళ్ళావిడ చారు పోసింది.

నాలుగింటికి వాళ్ళ కారు విశాఖ బయలుదేరింది. నేను రాయగడ బస్సెక్కాను.

కొరాపుట్‌లో ఒక పెద్దాయన ఆసుపత్రి సంచీతో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. "ఏ పని మీదెల్లేవు బావూ?" అన్నాడు. స్నేహితుడికి పరలోకం సంగతి చెప్పి వస్తున్నానన్నాను. ఏటి సెప్పేవన్నాడు. కొట్లో చెప్పినంతే చెప్పాను.

బస్సు ఘాట్ దిగుతోంది. అటు లోయ, ఇటు కొండ, మలుపు మలుపుకీ హారన్. ఈ దారిలో కిటికీ పక్క సీటు దొరికితే వదులుకోవద్దు. ఆయన మాత్రం బయటికి చూడడం లేదు.

"సావే ఉండదా?"

"ఉండదు."

ఆయన సంచీని ఒళ్ళోకి దగ్గరగా తీసుకున్నాడు. "మొదట్నించీ మల్లీ సెప్పు బావూ" అన్నాడు.

చెప్పాను.