పాకాల యార్డు క్యాసెట్

పాకాల స్టేషన్ రోడ్డులో టీ కొట్టు చిన్నబ్బను కదిలిస్తే ఎవరికైనా ఈ కథే చెబుతాడు. పెట్టెల మదార్ సాహెబ్ రెండో కొడుకు నాయబ్ రసూల్, అన్న మీద కసితో, చనిపోయిన తండ్రి గొంతును తన కంప్యూటర్ చేత మింగించాడట.

"కండ్లారా సూసినోళ్లు చెప్పినారప్పా. అన్నను ఎదురుగా కూసోబెట్టి, టీ ఇచ్చి, మర్యాదలు జేసి, టీవీ నిండా రంగు గీతలు పారించి, వాళ్లబ్బ గొంతును గుటుక్కున మింగించినాడు. ఆ డబ్బాలో ఉండేది కరెంటు కాదు, జిన్ను!" అంటాడు గ్లాసులు కడుగుతూ. వినేవాళ్లు "ఛీ, వాడు మనిషేనా" అని తాగిన గ్లాసు పెట్టి వెళ్లిపోతారు.

మేము నాయబ్ చిచ్చా ఇంటి ముందు భాగంలో అద్దెకు ఉంటాం. ఆయనకు పెళ్లాం పిల్లలు లేరు. మధ్యాహ్నం అన్నం మా అమ్మ పంపుతుంది, గిన్నె తీసుకుపోయేది నేను. అందుకని ఆ వెనక గది నాకు బాగా తెలుసు. మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేయడం ఆయన బతుకుతెరువు. అవన్నీ వసారాలోనే. గదిలో మాత్రం ఆయన కంప్యూటర్, దానికి తగిలించిన బొజ్జ టీవీ, నాలుగైదు పాత టేపు రికార్డర్లు.

అది ఇప్పటి కంప్యూటర్ లాంటిది కాదు. మీటలున్న చిన్న పలక, అంతే. టీవీయే దానికి తెర. తీగ పీకితే నేర్పిందంతా మరిచిపోతుంది. మరిచిపోకూడదంటే దాని మాటలను పాటల క్యాసెట్‌లోకి ఎక్కించాలి. మన చెవికి అవి కీచుమనే అరుపులు. మళ్లీ ఆ క్యాసెట్ తిప్పి వినిపిస్తే మాత్రం అది మరిచిపోయిందంతా గుర్తు తెచ్చుకుంటుంది.

చిచ్చా కుర్రవాడిగా ఉన్నప్పుడు కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మేనమామ దాన్ని తెచ్చి ఇచ్చాడు. దాంతోపాటు వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంటే, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుకున్నాడు. రబ్బరు మీటలు అరిగిపోతే తండ్రి చేసే ట్రంకు పెట్టె మూతకు వరసగా బొక్కలు కొట్టి, కాలింగ్ బెల్లు స్విచ్చులు బిగించి, ఒక్కోదానికి తీగ అతికాడు. వేడెక్కి ఆగిపోతుంటే లోపలి చిప్పు వీపుకు రేకు ముక్క తగిలించాడు. ఏదైనా చిప్పు కాలిపోతే రైలెక్కి మద్రాసు పోయి, ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే రిచీ స్ట్రీట్ అంతా వెతికేవాడు. ఆకుపచ్చ పెట్టె మూత మీద ఉన్న ఆ స్విచ్చులను ఇప్పటికీ చూడకుండానే నొక్కుతాడు.

దానిలో ఆయన ఒక ఆటగా కట్టింది పాకాల రైల్వే యార్డు. మా ఊళ్లో తిరుపతి వైపు, కాట్పాడి వైపు, ధర్మవరం వైపు నుంచి వచ్చే పట్టాలు కలుస్తాయి. వంతెన మీద కూర్చుని ఏ బండి ఎప్పుడు ఏ పట్టా మారుతుందో చూసి, వచ్చి టైపు చేసేవాడు. తెర మీద బండ్లు వస్తుంటే ఆడేవాళ్లు పట్టాలు మార్చాలి. ఏమరితే గుద్దుకుంటాయి. ధర్మవరం ప్యాసింజరు నిజంగా ఆలస్యంగా వచ్చినట్టే దాంట్లోనూ ఆలస్యంగా వచ్చేది. మద్రాసులో ఆటల క్యాసెట్లు అమ్మే ఒక షాపాయన ఉత్తరం రాసి, ఆ ఆట పట్టుకుని రమ్మన్నాడు. అన్న ఇలియాస్ నికాహ్ అయ్యాక వస్తానని చిచ్చా జవాబు రాశాడు.

క్యాసెట్ వీపు మీద చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. దాన్ని విరిచేస్తే టేపు రికార్డర్‌లో రికార్డు మీట కిందికి దిగదు, పొరపాటున కూడా దాని మీద ఇంకొకటి ఎక్కదు. యార్డు ఎక్కించిన క్యాసెట్‌కు చిచ్చా దాన్ని విరిచేశాడు. ఆ బొక్కను కాగితంతో మూస్తే మీట మళ్లీ దిగుతుంది. అంటే ఆ క్యాసెట్ చెరిగిందంటే, ఎవరో పనిగట్టుకుని చెరిపారనే అర్థం.

నికాహ్ రోజు చిచ్చా పెళ్లికూతురి తరఫు చుట్టాలు కొందరిని తీసుకురావడానికి స్టేషన్‌కు వెళ్లాడు. కాట్పాడి బండి ఆలస్యమైంది. వాళ్లను వెంటబెట్టుకుని వచ్చేసరికి పందిట్లో టేపు రికార్డర్ తిరుగుతోంది. కొంతసేపటికి నికాహ్ ముగిసింది, మదార్ సాహెబ్ మైకు ముందు దువా చేశాడు. అందరూ ఆమీన్ అన్నారు. చిచ్చా టేపు రికార్డర్ మూత తెరిచి చూస్తే లోపల ఉన్నది తన క్యాసెట్. వీపు మీద పెళ్లి పత్రిక ముక్క అంటించి ఉంది.

"ఎవురు పెట్టినారు దీన్ని?" అని చిచ్చా కేక వేశాడట.

మెడ నిండా పూలతో ఉన్న ఇలియాస్ లేచి వచ్చాడు. "నేనే పెట్టినా. ఖాళీది దొరకలా."

"ఇది ఖాళీదా?"

"అరుపులే కదరా నాయబ్, పోనీ. అందురూ సూస్తాండారు."

చిచ్చా విందు తినకుండా వెళ్లిపోయాడు. ఇంకో కాపీ ఉంచుకోలేదా అని నేనొకసారి అడిగాను. "ఎందుకుంచుకోలా? అదే క్యాసెట్టు రెండోపక్క ఉంచుకున్న్యా. కోపంలో దాన్ని ఆడే ఇడిసొస్తి. ఆ పక్కనూ కాగితం మూసి విందు కాడ పాటలు ఎక్కించినారు," అన్నాడు.

ఆ తర్వాత కొంతకాలానికి మదార్ సాహెబ్ చనిపోయాడు. ఆయన గొంతు ఉన్నది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. ఇలియాస్ సాహెబ్ దాన్ని తీసుకుని తిరుపతి వెళ్లి, కొండకు వచ్చేవాళ్లకు సూట్‌కేసులు, సంచులు అమ్మే కొట్టు పెట్టాడు. అన్నదమ్ములకు మాటల్లేవు. చిచ్చా యార్డును మొదటి నుంచి మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టాడు. గుర్తున్నంతవరకు కడతాడు, ఎక్కడో తేడా వస్తుంది, పీకేస్తాడు. అది పూర్తయ్యేసరికి ఆయన తల నెరిసింది, మద్రాసు షాపూ లేదు, అలాంటి కంప్యూటర్లూ లేవు.

ఈ ఏడాది ఎండలు ముదిరాక ఇలియాస్ సాహెబ్ వచ్చాడు. అప్పుడే అన్నం గిన్నె పెట్టి తిరిగి వస్తున్నాను.

"ఏమప్పా, దోవ తప్పినావా? సూట్‌కేసులు అమ్ముకునేవోనికి మిక్సీల కొట్టు కాడేం పని?" అన్నాడు చిచ్చా తల ఎత్తకుండానే.

"షగుఫ్తా నికాహ్ పెట్టుకున్న్యాం. చివరి కూతురు. అబ్బా దువా నికాహ్‌లో వినిపించాలని దానికి ఆశ. క్యాసెట్టు సూస్తే ఇరుక్కునింది. తిరుపతంతా తిరిగినా. అందురూ పెన్ డ్రైవ్ ఉంటే తెమ్మంటారు."

"ఇన్నాళ్లూ లేని తమ్ముడు, క్యాసెట్టు ఇరుక్కుంటే పుట్టుకొచ్చినాడా?"

"తిట్టు నాయబ్. తిట్టి బాగు చెయ్యి."

"ఆడ పెట్టి పో. శుక్రారం నమాజు అయినాక రా. ఆ పిల్లనూ పిల్చుకురా."

ఇలియాస్ సాహెబ్ ఆటో ఎక్కేదాకా చిచ్చా క్యాసెట్‌ను ముట్టుకోలేదు. తర్వాత దాన్ని తిప్పి చూశాడు. పెళ్లి పత్రిక ముక్క పచ్చబడి, ఇంకా అలాగే అతుక్కుని ఉంది.

"సుమయ్యా, ఇనుకో," అన్నాడు. "ముందు దీన్ని బాగు చేస్తా. అబ్బా గొంతు ఎదురుగా నిలబడి పిల్చినట్టు వినపడాల. వాని కండ్లలో నీళ్లు తిరగాల. అప్పుడు వాడు సూస్తాండగానే, అబ్బా గొంతు మీద నా యార్డు ఎక్కిస్తా. వాడు అంటించిన కాగితమే ఉండాదిలే, మీట బాగా దిగుతాది."

మీ అబ్బా కూడా కదా ఆయన అనుకుంటూ ఇంటికి వచ్చేశాను.

అంత ఓపికగా ఆయన ఏ పనీ చేయడం నేను చూడలేదు. క్యాసెట్ మరలు విప్పి, ముడుచుకున్న టేపును గోటితో సాపు చేశాడు. టేపు వెనక ఊడిపోయిన స్పాంజి మెత్త స్థానంలో వేరే క్యాసెట్‌ది అతికించాడు. టేపు రికార్డర్‌లో టేపును చదివే హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచి, దాని పక్కన మరను వెంట్రుకవాసి తిప్పుతూ గరగర పోయి మాట స్పష్టంగా వచ్చేదాకా చెవి ఆనించి కూర్చున్నాడు. కంప్యూటర్ అరుపులు సరిగా అందడానికి కూడా అదే మర తిప్పాలట.

గురువారం నేను గిన్నె తీసుకుపోయేసరికి మొదటి నుంచి వింటున్నాడు. అంతకుముందు ఆయన ఆ క్యాసెట్‌ను మొదటి నుంచి ఎప్పుడూ వినలేదు. నేను గడపలోనే ఆగాను. కాసేపటికి టేపు ఆపాడు.

"గిన్నె ఆడ పెట్టమ్మా," అన్నాడు. ఆ రోజు గిన్నె నిండుగానే తిరిగి వచ్చింది.

శుక్రవారం ఇలియాస్ సాహెబ్, షగుఫ్తా వచ్చారు. చిచ్చా వాళ్లకు కుర్చీలు తుడిచి వేశాడు. టీ మా ఇంటి నుంచే తీసుకెళ్లాను. దువా ఉన్న చోట టేపు తిప్పాడు. పెద్దాయన గొంతు గది నిండా వినిపించింది. "యా అల్లా, ఈ ఇంటిని సల్లగా సూడు" అంటున్నాడు. ఇలియాస్ సాహెబ్ రెండు చేతులూ పైకెత్తాడు. గడ్డం తడిసిపోయింది.

షగుఫ్తా ఫోన్ తీసింది. "చిచ్చా, రికార్డు చేసుకుంటా."

"ఇప్పుడే వద్దు బేటీ. అడుగున ఇంకా గరగర ఉండాది. తోమినాక ఎక్కించుకో."

టేపును దువా మొదటికి తిప్పాడు. కంప్యూటర్ తీగను టేపు రికార్డర్‌కు తగిలించాడు. ఆకుపచ్చ మూత మీద స్విచ్చులు నొక్కాడు. రికార్డు మీట నొక్కితే చప్పున దిగింది. తెర అంచుల్లో ఎరుపు, నీలం గీతలు పరుగెత్తాయి. ఆ తర్వాత పసుపు, నీలం.

"రంగులు భలే ఉండాయి చిచ్చా," అంది షగుఫ్తా.

"ఉంటాయి బేటీ. ఇదో, తిరుపతి బండి ఎక్కింది. కాట్పాడిది ఎక్కతాండాది. ధర్మవరం ప్యాసింజరు ఒకటే లేటు."

ఆ పిల్ల నవ్వింది. ఇలియాస్ సాహెబ్ చేతులు ఇంకా దించలేదు. "ఎంత శ్రద్ధగా తోముతాండాడో సూడు మీ చిచ్చా. మేమెవురం సేస్తాం ఇట్లా?" అన్నాడు కూతురితో. నేను ఖాళీ టీ గ్లాసులు ఏరుకున్నాను.

గీతలు ఆగాయి. చిచ్చా తీగ పీకి, టేపు వెనక్కి తిప్పి మీట నొక్కాడు. గదంతా కీచుమని అరుపు.

"ఇదేంది? గొంతు యాడ?" అన్నాడు ఇలియాస్ సాహెబ్.

"నా యార్డు యాడికి పోయిందో ఆడికే పోయింది."

షగుఫ్తాకు ముందు అర్థమైంది. ముఖం కప్పుకుంది. ఇలియాస్ సాహెబ్ లేచి, క్యాసెట్ బయటికి తీసి, కాగితం అంటించిన వైపు చూశాడు. ఆ కాగితాన్ని వేలితో తడిమాడు.

"తీరిందా నాయబ్, నీ కసి?"

"నీ మీద నాకేం కసి లేదు భాయ్."

అది వెటకారమనే ఆయన అనుకున్నాడు. కూతురి చేయి పట్టుకుని, క్యాసెట్ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. తిరుపతిలో నికాహ్ ఆ గొంతు లేకుండానే జరిగింది. చిచ్చాను పిలవలేదు. కసి లేదన్న ఆయన మాట కూడా ఊళ్లో వెటకారంగానే తిరుగుతోంది.

గురువారం నాడు గడపలో నిలబడి నేను విన్నది చిన్నబ్బ కథలో లేదు. క్యాసెట్ మొదట్లో, ఖాజీ మాట కంటే ముందు, రికార్డు మీట నొక్కిన క్షణం నుంచి రెండు గొంతులు ఉన్నాయి.

"సూడు, తిరగతా ఉండాది. కాగితం మూస్తే దిగింది గదా. నువ్వేమో వొద్దొద్దంటివి," అని మదార్ సాహెబ్ గొంతు.

"నాయబ్ ఏడుస్తాడబ్బా. ఇప్పుడన్నా తీసెయ్యి. వాడొచ్చి అడిగితే ఏం చెప్పాల?" అని ఇలియాస్ సాహెబ్ గొంతు.

"నేనే అంటించినానని చెప్పు. నన్నేం జేస్తాడు వాడు?"

శుక్రవారం నాడు యార్డు ఎక్కింది దువా మీద. దానికి ముందున్న ఈ మాటలను చిచ్చా చెరపలేదు. అవి ఇప్పటికీ తిరుపతిలో, ఇలియాస్ సాహెబ్ ఇంట్లో ఉన్న ఆ క్యాసెట్‌లోనే ఉన్నాయి.