అవ్వ కవ్వం తాడు, నాయన పాత జీపు

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలమంతా మేము మామిడి మొక్క మొదట్లో నిలబడే స్నానం చేశాం.

బంగారుపాళ్యం దగ్గర మా మెట్ట చేనులో, ఇంటి చుట్టూ, నాయన మామిడి అంట్లు నాటిన తొలి ఏడు అది. అమ్మ నన్నొక పాదులో, తమ్ముణ్ని ఒక పాదులో నిలబెట్టి నెత్తిన చెంబుతో పోసేది. సబ్బు అడిగితే వీపు విమానం మోత మోగేది. మొక్క చస్తుందంట! బియ్యం కడిగిన నీళ్లు కూడా బర్రెకు దక్కేవి కావు.

మా బావి అడుగంటిపోయింది. నాయన పాత పెట్రోలు జీపులో డ్రమ్ములు పెట్టుకుని పక్కూరి బోరు నుంచి నీళ్లు తెచ్చి మొక్కమొక్కకూ పోసేవాడు. "ఈ సెట్లు సస్తే నేను బెంగుళూరుకు పోయి ఎవురి కారో తోలుకోవాల్సిందే" అని అమ్మతో అంటుంటే నా చెవిన పడింది. ఇంక అప్పట్నుంచి నా మొక్క ఒక్క ఆకు ముడుచుకున్నా నాయన సంచి సర్దుకుంటున్నట్టే భయం...

అట్లాంటి మండుటెండల్లో, ఒక పొద్దున ఆ జీపు కాస్తా వాకిట్లోనే టపటపా కొట్టుకుని ఆగిపోయింది.

మెకానిక్కు ఏసు మామ వచ్చాడు. అమ్మకు తమ్ముడి వరస. ఇంజను పైమూత విప్పి చూసి పెదవి విరిచాడు. వాల్వును మూసి పట్టుకునే స్ప్రింగు విరిగిపోయిందట.

"మిగతావి కూడా సచ్చినాయి బావా. కొత్త బండ్లకేసే గట్టి స్ప్రింగులు నా కాడ ఉండాయి. అన్నీ మార్సేద్దాం."

"మార్సప్పా మరి! ఏంటికి సూస్తా ఉండావు?"

"వాల్వులుండే హెడ్డు ఎత్తితే కింద గ్యాస్కెట్టు అట్ట సినిగిపోతాది. ఈ ముసల్దానికి గ్యాస్కెట్టు చిత్తూర్లో ల్యా, తిరప్తిలో ల్యా. ఎత్తకుండా స్ప్రింగు తీస్తే వాల్వు లోపలికి పడిపోతాది. అప్పుడు ఇంజనుకు నూకలు సెల్లినట్టే."

ఉపాయం మళ్లీ మామే చెప్పాడు. స్పార్కు ప్లగ్గు విప్పి, ఆ బొక్కలోంచి లోపలికి తాడు కుక్కాలి. ఇంజనును చేత్తో తిప్పితే పిస్టను పైకొచ్చి ఆ తాడును వాల్వుకు ఆనించి పట్టుకుంటుంది. అప్పుడు స్ప్రింగు మార్చినా వాల్వు పడదు.

అయితే ఏ తాడు? కొబ్బరితాడు పీచు రాలుస్తుంది. బర్రె పలుపు దూరదు. సన్నగా, మెత్తగా, పోగు ఊడని నూలుతాడు కావాలి...

అందరి కళ్లూ వంటింటి గుంజ వైపు తిరిగాయి.

అది మా అవ్వ కవ్వం తాడు. అవ్వకు వాళ్ల అత్త పేని ఇచ్చింది. ఏళ్ల తరబడి వెన్న తాగి నున్నగా అయిపోయింది. దాన్ని ముట్టుకుంటే మా చేతులు విరగ్గొడతానని రోజూ తిట్టే మనిషి అవ్వ. నాయన ఆమెను అడగలేక వాకిట్లో తల వంచుకుని కూర్చుండిపోయాడు. అంతటి మా నాయన అట్లా కూర్చోవడం చూసి నాకు ఏడుపు ఆగలేదు.

అవ్వే లేచింది. గుంజకున్న తాడు విప్పుకుని వచ్చింది.

"తీస్కోండ్రా. కొస మాత్రం నేనే పట్టుకుంటా. మీ మొగోళ్లను నమ్మి నా తాడు వదల్ను!"

ముక్కాలిపీట వేసుకుని, జీపు పక్కన తాడు కొస పట్టుకుని కూర్చుంది మా అవ్వ...

కొత్త స్ప్రింగులు మహా మొండివి. మామా నాయనా ఇద్దరూ కలిసి కడ్డీ మీద ఒరిగితే గానీ అణగలేదు. చివరి స్ప్రింగు దగ్గర కడ్డీ జారింది. స్ప్రింగును పట్టి ఉంచే గోరంత ఇనుప ముక్క, లాకంటారు దాన్ని, టప్పున ఎగిరి వాకిలి మట్టిలో పడింది.

అంతే. వెతికాం, వెతికాం... పొద్దు నడినెత్తికి వచ్చింది. "ఐపాయ బావా, ఇది లేకుంటే ఏం జెయ్యలేం" అని మామ చతికిలబడ్డాడు. నా మొక్క ఆకులు వేలాడిపోయాయి. నేను తాగే నీళ్ల చెంబు తీసుకుపోయి దాని మొదట్లో ఒంపేశాను.

అమ్మ లేచి వాకిలి మట్టంతా చీపురుతో ఒక దిక్కు కుప్ప చేసింది. చేటలో పోసుకుని చెరగడం మొదలుపెట్టింది. దుమ్ము గాలికి పోతోంది, రాళ్లు మిగులుతున్నాయి. చేట తర్వాత చేట... కళ్లల్లో మట్టి పడినా ఆపలేదు.

"ఏసూ, ఇదేనా సూడు!"

నాయన ఆ ముక్కను కళ్లకద్దుకున్నాడు.

జీపు ఒక్క ఊపున అందుకుంది. ఏళ్లుగా దగ్గుతున్న బండి ఆ రోజు నిండు గొంతుతో మోగింది. సాయంత్రానికి మొక్కలకు నీళ్లు అందాయి. కొన్ని అప్పటికే పోయాయి గానీ నాది బతికింది... నాయన బెంగుళూరు పోలేదు.

మసిపట్టిన తాడును అవ్వ కుంకుడుకాయలతో ఉతికి ఉతికి మళ్లీ గుంజకు కట్టింది. కొన్నాళ్లు మజ్జిగ పెట్రోలు వాసన కొట్టింది. మేము ముక్కు మూసుకుంటే, "తాగండి, మీరు గూడా జీపు మాదిరి బోరు కాడికి ఉరుకుతారు!" అనేది.

ఇప్పుడు ఆ చేనుకు డ్రిప్పు ఉంది. బోరుంది. కాయ మాత్రం ఎవరికీ అక్కర్లేదు. పోయిన కాపుకు గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల బారులో నిలబడీ నిలబడీ, కుళ్లిన కాయను నాయన రోడ్డు పక్కన పారబోసి వచ్చాడు. ఈ పొద్దున ఫోను చేశాడు.

"రేప్పొద్దున రంపం మిషను వస్తాది పాపా. అన్నీ కొట్టించేస్తా ఉండా. నీ సెట్టు మాత్రం ఆకర్న కొట్టమని సెప్పినా."

ఫోను పెట్టేసి, అవ్వ కవ్వం తాడు బయటికి తీశాను...

అవ్వ పోయాక ఆ తాడు నేనే తెచ్చుకున్నాను. ఇందాకట్నుంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. ఇంకా నున్నగానే ఉంది. ఈసారి దీన్ని ఎక్కడ కుక్కితే ఆ చెట్లు నిలబడతాయో తెలియడం లేదు. కొస పట్టుకుని కూర్చోవడానికి అవ్వా లేదు.

మీ ఇండ్లలో గండం గడిపిన వస్తువులు ఏమున్నాయో చెప్పండి... మీవాళ్లు ఏం ఉపాయం చేశారో చెప్పండి. తెల్లారే లోపల చెప్పండి.