ఎస్తేరు గారి ల్యాప్‌టాప్‌కి పదకొండు రిపేర్లు

ఇది ఒక మహాగాథ. ఇందులో మంట ఉంది, పొగ ఉంది, ఒక మరణం ఉంది, రెండు గంటల కాపలా ఉంది, ఒక అబద్ధం ఉంది. చదివేవాళ్లు రుమాలు దగ్గర పెట్టుకోవాలని మొదటి వాక్యం రాద్దామనుకున్నాను. తీరా రాయడానికి కూర్చుంటే, ఇది వేడెక్కి ఆగిపోయే ఒక పాత ల్యాప్‌టాప్ కథ అని తేలింది. మంట సోల్డరింగ్ ఐరన్‌ది, పొగ కూడా దానిదే. రుమాలు దుమ్ము తుడవడానికి పనికొస్తుంది, ఉంచుకోండి.

2006లో మొదలైంది. నర్సీపట్నంలో బస్‌స్టాండుకి కాస్త అవతల, ఎరువుల కొట్టు మేడ మీద మా కంప్యూటర్ సర్వీస్ షాపు. ఓనరు సత్తిబాబు గారు, మెకానిక్‌ని నేను. డిప్లొమా పూర్తయి ఏడాది కూడా కాలేదు. అప్పట్లో మా ఊళ్లో ల్యాప్‌టాప్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో సగం ఆఫీసర్లవి. వాళ్లు వాటిలో పేకాట తప్ప ఏమీ ఆడరు కాబట్టి అవి పాడయ్యేవి కావు. ఒళ్లు వంచి పనిచేసే ల్యాప్‌టాప్ నాకు తెలిసి ఒక్కటే. అది ఎస్తేరు గారిది.

ఎస్తేరు గారిది నాతవరం దగ్గర పల్లె. వయసు నా వయసే, ఏడాది అటో ఇటో. వాళ్ల అమ్మ మార్తమ్మ గారు మా ఊరి ఆస్పత్రిలో ఆయా. ఎస్తేరు గారి పని ప్రైవేటు స్కూళ్లకి తెలుగులో పరీక్ష పేపర్లు టైపు చేయడం. ఈ పనికో పద్ధతి ఉంది. పేపరు డీటీపీ సెంటర్లో చేయిస్తే సాయంత్రానికి ఊరంతా చదివేస్తుందని హెడ్మాస్టర్ల భయం. అందుకని ఈవిడే ల్యాప్‌టాప్ పట్టుకుని స్కూలుకి వెళ్లేవారు. హెడ్మాస్టరు గదిలో తలుపేసుకుని ఆయన చెబుతుంటే కొట్టడం, అక్కడి ప్రింటర్ మీదే తీయడం. పరీక్ష అయ్యేదాకా పేపరు ఆ మిషన్లోనే ఉంటుంది కాబట్టి ఆ మిషన్ని ఆవిడ ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఒక్క పేపరు బయటికి పొక్కినా, ఒక్క పేపరు వేళకి అందకపోయినా అన్ని స్కూళ్లూ ఒకేసారి మానేస్తాయి. వాళ్లిద్దరి ఇల్లు నడిచేది సగం ఆ మిషన్ మీదే.

ఎవరి చేతికీ ఇవ్వకూడదు అన్నచోట నా కష్టాలు మొదలయ్యాయి. మిగతా కస్టమర్లు మిషను ఇచ్చి వెళ్లిపోతారు. ఎస్తేరు గారు మాత్రం రిపేరు అయ్యేదాకా నా బల్ల పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునేవారు. పదకొండింటికి వస్తే మూడింటి దాకా. ఆటోస్టాండు దగ్గర కొన్న ఉడకబెట్టిన శెనక్కాయలు కాగితంలో పోసి మధ్యలో పెట్టేవారు.

"లోపల ఫైళ్లు సూస్తారా మీరు?" అన్నారు మొదటిరోజు.

"చూడనండి. చూసినా ఏడో తరగతి సాంఘికం నాకు ఎక్కదు."

"సూడకుండా ఎక్కదని ఎలా తెలుసు?"

"అప్పట్లో నేనూ రాశాను కదండీ. మార్కులు గుర్తున్నాయి."

నవ్వారు. ఇదేమీ గొప్ప జోకు కాదు, నాకూ తెలుసు. ఆ స్టూలు మీద కూర్చుంటే నవ్వడం తప్ప వేరే కాలక్షేపం లేదు, మా షాపులో టీవీ కూడా లేదు.

మిషను వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అప్పటికే నాలుగేళ్లది. బ్యాటరీ చచ్చిపోయింది. షేరాటోలో పదిమంది మధ్య ఒడిలో పెట్టుకుని తేవడం వల్ల హింజ్, అంటే మూత తెరుచుకునే మడతబందు, పగిలింది. అసలు జబ్బు మాత్రం వేడి. ప్రాసెసర్‌కీ దాని మీద ఉండే రాగి రేకుకీ మధ్య తెల్లటి పేస్టు రాస్తాం. వేడిని లాగి బయటికి పంపేది అదే. మదర్‌బోర్డు అరిగిపోయిన మిషన్లో ఎంత పేస్టు రాసినా ఒంటినొప్పికి జండూబామ్ రాసినట్టే. రెండు నెలలు హాయిగా ఉంటుంది, మళ్లీ మామూలే. నేను పేస్టు మార్చేవాణ్ణి, ఫ్యాన్ విప్పి ఎర్రమట్టి దులిపేవాణ్ణి, కింద గాలి ఆడ్డానికి రెండు అగ్గిపెట్టెలు పెట్టుకోండని చెప్పేవాణ్ణి. రెండు నెలలకి మళ్లీ వచ్చేవారు.

నాతవరం ఆటోలు ఆగే చోటు మా కిటికీలోంచి కనిపిస్తుంది. సరిగ్గా చెప్పాలంటే, బల్ల కొంచెం జరిపితే కనిపిస్తుంది. వెలుతురు కోసం జరిపానని సత్తిబాబు గారికి చెప్పాను. ఆయన బల్లనీ కిటికీనీ నన్నూ చూసి, "ఏరా శీను, జబ్బు మిసనుకా, నీకా?" అన్నారు.

"మిషనుకేనండి. నాకు ఎప్పుడో వారంటీ అయిపోయింది."

అయిదో రిపేరప్పుడు ఎస్తేరు గారు సూటిగా అడిగారు. "శీనుగారూ, ఇది మార్చీమంటారా? కొత్తది తీసుకోవాలంటే ఇప్పట్నించీ కూడబెట్టుకోవాలి. నిజం సెప్పండి."

ఇక్కడ వృత్తి రహస్యం ఒకటి వివరించాలి. అప్పట్లో తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్‌కి లాక్ అని ఒకటి ఉండేది. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క. మిషను వెనక ప్రింటర్ పోర్టుకి, అంటే పాతకాలం ప్రింటర్ల లావుపాటి వైరు దూరే పొడుగాటి సాకెట్‌కి, దాన్ని తగిలిస్తేనే తెలుగు తెరుచుకుంటుంది. తీసేస్తే లేదు. కొత్తగా వస్తున్న ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టు ఉండటం లేదు.

"కొత్తవాటికి ప్రింటర్ పోర్టు ఉండదండి," అన్నాను. "మీ లాక్ పట్టదు. ఇది ఇంకా చాలాకాలం వస్తుందిలెండి."

మొదటి రెండూ నిజాలు. పాత లాక్ తిరిగి ఇస్తే చిన్న యూఎస్‌బీ పోర్టుకి పట్టే కొత్త రకం ఇస్తారని వైజాగ్ డీలరు నాకు అంతకు వారం ముందే ఫోన్లో చెప్పాడు. ఆ సంగతి నా నోట్లోంచి రాలేదు. వస్తే ఏమవుతుంది? కొత్త మిషను వస్తుంది. కొత్త మిషను పాడవదు. పాడవకపోతే స్టూలు ఖాళీ. ఈ లెక్క నేను కూర్చుని వేసుకున్నది కాదు, నోరే వేసేసింది. ఆవిడ "అలాగైతే సరే" అని శెనక్కాయల కాగితం నా వైపు జరిపారు.

అలా ఆరు, ఏడు, ఎనిమిది. మధ్యలో వచ్చే రెండు నెలలు ఎలా గడిచేవో చెబితే కవిత్వం అవుతుంది, అది మా సర్వీసుల్లో లేదు. ఆటో ఆగిన ప్రతిసారీ తల ఎత్తేవాణ్ణి. మెడనొప్పి వచ్చింది. అది చాలు.

2008 మార్చి. పదకొండో రిపేరు అయి పాతిక రోజులు. ఒకరోజు మధ్యాహ్నం ఎస్తేరు గారు మెట్లు పరుగున ఎక్కి వచ్చారు. ఎప్పుడూ పరిగెత్తని మనిషి. హెడ్మాస్టరు గదిలో పదో తరగతి ప్రీఫైనల్ పేపరు సగంలో ఉండగా మిషను ఆగిపోయింది. మళ్లీ లేవలేదు. పరీక్ష మర్నాడు పొద్దున్న. "సాయంత్రం అయిదింటికి పేపరు రాకపోతే ఇంకెప్పుడూ రావక్కర్లేదమ్మా అన్నారు," అని స్టూలు మీద కూర్చోబోయి, కూర్చోకుండా నిలబడ్డారు.

విప్పి చూశాను. మదర్‌బోర్డు పోయింది. అసలైన చావు, పేస్టుకి లేచేది కాదు. హార్డ్‌డిస్కు మాత్రం బతికే ఉంది. దాన్ని తీసి మా షాపు డెస్క్‌టాప్‌కి తగిలించాను. పాత డెస్క్‌టాప్ కాబట్టి ప్రింటర్ పోర్టు ఉంది, ఆవిడ లాక్ పట్టింది. బ్యాగులో సాఫ్ట్‌వేర్ సీడీ ఉంది, ఎక్కించాను. ఫైలు తెరుచుకుంది. తెరుచుకున్నట్టు ఆవిడే చెప్పారు, నేను అప్పటికే వెనక్కి తిరిగిపోయాను.

మానిటర్ని గోడ వైపు తిప్పాం. మిగిలిన ప్రశ్నలు హెడ్మాస్టరు చేతిరాతలో ఆవిడ దగ్గరున్నాయి. ఆవిడ టైపు చేస్తుంటే నేను తెరకి వీపు పెట్టి, మెట్ల వైపు మొహం పెట్టి నిలబడ్డాను. ఇద్దరు కస్టమర్లొస్తే కరెంటు లేదని చెప్పాను. నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. రెండు గంటలు. దాదాపు రెండేళ్లలో ఆవిడకి అంత దగ్గరగా, ఆవిడని అంత చూడకుండా ఉన్నది ఆ రోజే. కీబోర్డు చప్పుడు ఒక్కటే వినిపించేది. ఒక్కోచోట ఆగేది. ఎందుకు ఆగిందో వెనక్కి తిరిగి చూడాలనిపించేది. బహుశా మ్యాప్ పాయింటింగ్ దగ్గర.

నాలుగున్నరకి పేపరు అయిపోయింది. ప్రింటు తీసి కవర్లో పెట్టి, ఎస్తేరు గారు సత్తిబాబు గారి స్కూటర్ వెనక కూర్చుని స్కూలుకెళ్లి ఇచ్చి వచ్చారు. తిరిగొచ్చేసరికి మార్తమ్మ గారు డ్యూటీ దిగి షాపుకి వచ్చి ఉన్నారు, చేతిలో క్యారేజీతో. బల్ల మీద విప్పి పడేసిన ల్యాప్‌టాప్‌ని ఆపరేషన్ బల్ల మీద మనిషిని చూసినట్టు చూశారు.

"ఇది ఎన్నోసారి బాబూ?"

"పన్నెండండి."

"డాక్టరు బాబు కూడా ఇన్నిసార్లు రమ్మనడు. ఒక మాటడుగుతాను సెప్పు. ఆస్పత్రిలో కూడా నాను ఇలాగే అడుగుతాను. ఇది నీ సొంత సెల్లెలిదైతే ఏటి సేత్తావు? కొత్తది కొనమంటావా, దీన్నే తోముకోమంటావా?"

చెల్లెలు అన్న మాట షాపంతా తిరిగి నా బల్ల మీద కూర్చుంది. మా వైపు పెద్దవాళ్లు నిజం రాబట్టాలంటే అడిగే తీరే ఇది. దీనికి అబద్ధం చెప్పినవాణ్ణి నేను చూడలేదు. ఎస్తేరు గారు తలెత్తలేదు, వస్తూ కొన్న శెనక్కాయలు ఒలుస్తున్నారు.

"కొనమంటానండి," అన్నాను. "ఏడాది కిందటే చెప్పేవాణ్ణి."

"మరి సెప్పలేదేటి?"

"పోర్టు ఉండదన్నారు కదమ్మా," అని ఎస్తేరు గారే నా తరఫున జవాబు చెప్పారు.

అక్కడ ఆగిపోయి ఉండొచ్చు. "లాక్ మార్చి ఇస్తారండి," అన్నాను. "నాకు అప్పుడే తెలుసు. చెప్పలేదు."

ఎందుకని ఎవరూ అడగలేదు. సత్తిబాబు గారు ఉన్నట్టుండి స్క్రూలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎస్తేరు గారు శెనక్కాయ తొక్కలన్నీ కాగితంలో పోగేసి మడిచారు. "బేగి సెప్పుంటే ఇయ్యాల అక్కడ తలొంచుకుని నిలబడేదాన్ని కాదు కదండీ," అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనేదో జోకు వేసేవాణ్ణి.

కొత్త మిషను కొన్నారు. వైజాగ్ బస్సెక్కి లాక్ నేనే మార్పించుకొచ్చాను. పాత ఫైళ్లన్నీ ఎక్కించాను. కొత్త సాఫ్ట్‌వేర్‌లో వత్తులు అక్కడక్కడా పక్కకి జరిగాయి. అయిపోయిన పేపర్లే కాబట్టి ఇద్దరం కూర్చుని ఒక మధ్యాహ్నమంతా సరిచూశాం. ఆవిడ చదవడం, నేను దిద్దడం. ఫైళ్లు ఇంకో చోట దాచుకోవడం, ఆటోలో మూత నొక్కుకుపోకుండా పట్టుకోవడం, ఫ్యాన్‌కి గాలి తగిలేలా పెట్టుకోవడం అన్నీ నేర్పాను. నా సర్వీసులో అంత శుభ్రంగా చేసిన పని ఇంకోటి లేదు. చేస్తున్నప్పుడే తెలుస్తోంది, ఇక పాడవడానికి ఏమీ మిగల్లేదని.

"ఎంతకాలం పాడవదంటారు?" అన్నారు వెళ్లబోతూ.

"మూడేళ్లు ఢోకా లేదండి."

"అలాగా," అన్నారు.

ఆ 'అలాగా'ని నేను చాలాసార్లు విప్పి చూశాను. ఒక్కోసారి లోపల ఏదో ఉన్నట్టుంటుంది. అందరూ అనే అలాగాయేనని సత్తిబాబు గారి అభిప్రాయం.

తర్వాత ఆవిణ్ణి రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఆటోలో, రెండుసార్లూ ఆటో కదులుతుండగా. ఒడిలో బ్యాగు ఉంది. మిషను బాగానే ఉన్నట్టుంది.

ఈ కేసు నేర్పిందేమిటంటే, మార్చెయ్యమన్న మాట రెండో రిపేరు దగ్గరే చెప్పాలి. పదకొండో దాకా ఆపితే దాన్ని సర్వీసు అనరు, ఏమంటారో నాకు తెలుసు గానీ బిల్లులో రాయలేం. ఇప్పుడు పాత మిషను ఏదొచ్చినా మార్తమ్మ గారి ప్రశ్న నాకు నేనే వేసుకుంటాను. పనిచేస్తుంది. దాంతో వచ్చే చిక్కల్లా ఒక్కటే, పని బాగా చేస్తే మనిషి మళ్లీ కనిపించదు.

పాత ల్యాప్‌టాప్‌ని స్పేర్లకి ఉంచుకోమని బ్యాగుతో సహా మా దగ్గరే వదిలేశారు. నెల తర్వాత దులుపుతుంటే బ్యాగు లోపలి జేబులో మా షాపు సర్వీసు స్లిప్పులు దొరికాయి. పదకొండూ ఉన్నాయి. ఒక్కటీ నలగలేదు, తేదీల వరసలో, నా సంతకం పైకి కనిపించేలా మడత పెట్టి ఉన్నాయి. చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ప్రతి స్లిప్పు కిందా 'ఈ స్లిప్పు భద్రపరచవలెను' అని అచ్చు వేయించింది నేనే. మా షాపులో రిపేరుకి వారంటీ ముప్ఫై రోజులే. మొదటి స్లిప్పు 2006ది.