మా ఆడబిడ్డ గొంతు

మా ఆడబిడ్డ కరుణ మాట్లాడుతుంటే కొత్తవాళ్లు ఎవరితోనో కొట్లాడుతోందనుకుంటారు. ఉప్పు అడిగినా అంతే, కూతుర్ని ముద్దు చేసినా అంతే. అందులో ఆమె తప్పేమీ లేదు. సూరత్‌లోని లింబాయత్‌లో మేముండే ఇంటికి కింది అంతస్తంతా పవర్‌లూమ్ కార్ఖానా. పైన రెండు వాటాలు. ఒకదాంట్లో నేను, మా ఆయన, మా అత్త ఎల్లవ్వ. రెండోదాంట్లో కరుణ, ఆమె భర్త రఘుపతి, వాళ్ల కూతురు రుచిత. పొద్దున్నుంచి రాత్రిదాకా మగ్గాలు మోగుతుంటే మెల్లగా మాట్లాడేవాళ్ల గోడు ఎవరికి వినపడుతుంది? సిరిసిల్ల నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో అందరూ నా మీద అరుస్తున్నారని నేను ఏడ్చేదాన్ని. ఏడాది తిరిగేసరికి నేనే అందరి మీదా అరుస్తున్నాను.

మా అత్త కింది కార్ఖానాలో కండెలకు నూలు చుడుతుంటే ఆ కండెల గంపల మధ్యే పెరిగింది కరుణ. మగ్గాల మోతలో నిద్రపోయేదట, మగ్గాలు ఆగితే లేచి ఏడ్చేదట. మా మామ అప్పటికే దగ్గుతో మంచాన పడ్డాడు. ఆయనకు మందులిచ్చీ ఇచ్చీ ఆమెకు నర్సు కావాలన్న పట్టుదల పుట్టింది, అయింది. పన్నెండేళ్లుగా ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేస్తోంది. ఆమె చేతికింద పని నేర్చుకున్న అమ్మాయిలు ఒక్కొక్కరే దుబాయ్, ఐర్లాండ్, జర్మనీ అంటూ వెళ్లిపోయారు. వెళ్లే ప్రతి పిల్లకూ వార్డులో దగ్గరుండి కేకు కోయించింది కరుణే. ఉన్న నర్సులంతా ఇలా వెళ్లిపోతే ఎట్లా అని ఆస్పత్రి పెద్దలు వాపోతారట. జీతం పెంచి చూడండి, ఎవరు పోతారో అని నేనంటాను. నన్నెవరూ అడగలేదనుకోండి.

కరుణకు జీతం కంటే పెద్ద దిగులు ఇంకోటి ఉండేది.

"వదినె, వార్డుల ముసలామె చెయ్యి పట్టుకొని జర సేపు కూసుందామంటే తీరది. సూది గుచ్చుడు, ఉరుకుడు. నేను నర్సునా, ఉరుకుల పందెంల ఉన్ననా?" అని ఒకరోజు అన్నది.

అందుకే ఆమె కూడా జర్మనీ దారి పట్టింది. డ్యూటీ దిగి, బస్సులో నిలబడి, వరాఛాలో జర్మన్ క్లాసుకు రెండేళ్లు తిరిగింది. వంటింట్లో మాటలు వల్లె వేసేది. పరీక్ష పాసైంది. ఏజెన్సీవాళ్లు అక్కడి ఒక వృద్ధుల హోముతో వీడియోలో ఇంటర్వ్యూ పెట్టించారు. రఘుపతి ఆగలేక పెళ్లానికి ఉన్నికోటు కొనుక్కొచ్చాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నేను నవ్వాను. నా నోట్లో ఏ శని ఉందో గానీ ఆ హోమువాళ్లు వద్దన్నారు. భాష బాగుంది, పని తెలుసు, కానీ మనిషి కోపంగా మాట్లాడుతుంది, మా పెద్దవాళ్లు భయపడతారు అన్నారట.

"నాకు కోపమేడుంది వదినె?" అని కరుణ అడిగింది. ఆ అడగడం కూడా అరిచినట్టే ఉంది. నేను నవ్వు ఆపుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

ఇంకో హోము ఉంది, వచ్చే నెల ఇంటర్వ్యూ, అక్కడా కాదంటే ఇక మేం చేయగలిగిందేమీ లేదని ఏజెన్సీ తేల్చేసింది. కరుణ గొంతు తగ్గాలి. ఒక్కతే తగ్గించుకుంటే అలవాటు కాదు కాబట్టి ఇల్లంతా తగ్గించాలని తీర్మానించాం. ఏడో తరగతి చదివే రుచిత మా మీద పోలీసు. ఎవరి గొంతు లేచినా నోటిమీద వేలు పెట్టి "ధీరే మమ్మీ, ధీరే మామీ" అని మెల్లగా మాట్లాడమనేది.

ఆ నెల మా ఇంట్లో జరిగిన భాగోతం ఇంతా అంతా కాదు. రఘుపతి మెల్లగా అన్నం పెట్టమంటే కరుణకు వినపడలేదు. ఆమె అలిగిందనుకుని అతను కిందికి పోయి వడాపావ్ తిని వచ్చాడు. మా ఆయన గుసగుసగా మాట్లాడుతుంటే నాకు కొత్త పెళ్లికూతురినైనట్టు సిగ్గేసింది. అందరికంటే ఎక్కువ కష్టం మా అత్తకు వచ్చింది. ముప్పై ఏళ్లు మగ్గాల పక్కన కూర్చున్న చెవులవి. మేం అరిస్తేనే అంతంతమాత్రం, గుసగుసలాడితే ఏం వినపడుతుంది? మూడో రోజు నన్ను మూలకు లాగింది.

"ఎవరు పోయిన్రు పద్మా? నాకు దాస్తున్నరు మీరు. ఊర్ల మా తమ్ముడేనా?"

ఎవరూ పోలేదని, కరుణ ఉద్యోగం కోసమని ఆమె చెవిలో అరిచి చెప్పాను. గల్లీ మొత్తానికి తెలిసింది.

"గొంతు తగ్గిస్తే నౌకరి ఇస్తరా? గదేం దేశమే," అని ముసలామె ముక్కున వేలేసుకుంది.

మా పేటలో మగ్గాలకు కరెంటు సెలవు ఉండే రోజు చూసి ఇంటర్వ్యూ పెట్టించుకుంది కరుణ. మా అత్తను మా వాటాలో కూర్చోబెట్టి, నేను వాళ్ల గది తలుపు పక్కన నిలబడ్డాను. ల్యాప్‌టాప్ తెరమీద నెరిసిన జుట్టావిడ ఒకరు, కుర్రవాడొకడు. కరుణ నెల రోజుల చదువంతా చూపించింది. ఎంత మెల్లగా మాట్లాడిందంటే ఆ ఇద్దరూ చెవుల వెనక చేతులు పెట్టుకున్నారు. కొంచెం గట్టిగా అనమన్నారు. గట్టిగా అంటే కోపమంటారు, మెల్లగా అంటే వినపడదంటారు. పిల్ల తడబడింది. వచ్చిన మాటలు కూడా రాలేదు. ఈ ఉద్యోగమూ చెయ్యి జారిపోయిందనుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా అత్త గోలీల పట్టీ పట్టుకుని వచ్చింది. నేను కొంగు పట్టి ఆపబోయాను, ఆగితేనా. నేరుగా కూతురి దగ్గరికి పోయింది.

"కరుణా, గీ బీపీ గోలీ పొద్దుగాల ఏసుకున్ననా, లేదా?"

కరుణ అరవలేదు. గుసగుసలాడనూ లేదు. తల్లి భుజం మీద చెయ్యి వేసి తన ముఖం వైపు తిప్పుకుంది. కార్ఖానాలో ఎంత అరిచినా వినపడనిచోట మావాళ్లు పెదాలతో, చేతులతో మాట్లాడుకుంటారు. అలా గొంతు పెగల్చకుండా చెప్పింది. వేసుకున్నావ్. తిన్నాకే వేసుకున్నావ్. రాత్రికి ఇంకోటి. ముసలామె చేతులతోనే మళ్లీ ఏదో అడిగింది. కరుణ తెర సంగతి మరిచిపోయి, ఆమె చెయ్యి పట్టుకుని, తలకెక్కేదాకా ఓపిగ్గా చెప్పింది. మా అత్త నవ్వి తలూపింది.

తర్వాత గుర్తొచ్చి కరుణ ముఖం పాలిపోయింది. జర్మన్‌లో క్షమాపణలు మొదలుపెట్టింది. నెరిసిన జుట్టావిడ చేత్తో ఆపి ఏదో అడిగింది. దానికి కరుణ చెప్పుకుపోయింది. గొంతు ఎంతుందో ఆమె చూసుకోలేదు, వాళ్లూ పట్టించుకోలేదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అమ్మ గురించి, మగ్గాల గురించి చెబుతోందని ఆ చేతులు చూస్తే తెలిసింది. ఆవిడ ఏమన్నదో కరుణ తర్వాత చెప్పింది. మా హోములో సగం మందికి చెవులు వినపడవు, అందరం వాళ్లతో అరుస్తాం, ఎదురుగా కూర్చుని ఇలా చెప్పేవాళ్లు కావాలి, నువ్వు ఎప్పుడు రాగలవు, అన్నదట.

తెర ఆరిపోయాక కరుణ అమ్మకు చేతులతో ఆ మాట చెప్పింది. మెట్లమీద ఊపిరి బిగబట్టి కూర్చున్న రఘుపతి, రుచిత లోపలికి వచ్చారు. మా అత్త గోలీల పట్టీ కొంగున ముడేసుకుని కూర్చుంది. వద్దంటుందేమోనని నాకు భయమేసింది.

"నేను నా మగని ఎంబడి సూరత్ వచ్చిన," అంది. "నన్నెవరడిగిన్రు, పోతవా అని? గీ పద్మ సుత మగని ఎంబడే వచ్చింది. మన ఇంట్ల ఆడిది తన పని ఎంబడి పోవుడు గిదే మొదలు. పో బిడ్డా."

అని అల్లుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, నువ్వు నా బిడ్డ ఎంబడి పోతవా?"

రఘుపతి ఆమె ఎదురుగా కూర్చుని, ప్రతి మాటా పెదాలమీద కనపడేలా చెప్పాడు.

"పోత అత్తమ్మా. ఆమె రమ్మన్ననాడు పోత."

కరుణ గోడకానుకుని కిందికి జారి కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సంతోషంతో ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.